పదిహేనేళ్ళ పథకం: హార్ట్‌ఫర్డ్‌లో చైనా బాలలు (1872–1881)

పరిచయం

ఆధునిక చైనా చరిత్రలో స్వీయశక్తి ఉద్యమం గురించి మీరు ఇంతకుముందు చదివారు. జియాంగ్‌నాన్ ఆయుధ కర్మాగారం, ఫూజౌ నౌకా నిర్మాణ కేంద్రం, తియాన్‌జిన్ టెలిగ్రాఫ్ వంటివి ఆ పాఠంలో వచ్చాయి. సాధారణంగా రెండు మూడు వాక్యాలతో ముగిసిపోయే విషయం ఒకటి అందులోనే ఉంది: చింగ్ ప్రభుత్వం 120 మంది బాలురను పదిహేనేళ్ళ చదువు కోసం అమెరికాకు పంపి, తొమ్మిదేళ్ళకే వెనక్కి పిలిపించుకోవడం. ఈ వ్యాసం ఆ రెండు మూడు వాక్యాలకు విస్తరణ.

దీన్ని విడిగా చదవడానికి కారణం ఉంది. చిన్న వయసులో పిల్లవాణ్ణి పరదేశం పంపి, బడి చదువు మొదలు పట్టా వరకు అక్కడే పూర్తి చేయించాలనుకున్నవారు ఎవరైనా కొన్ని ప్రశ్నలు ముందే వేసుకోవాలి. అన్నేళ్ళ ఖర్చు ఎవరు భరిస్తారు? పరాయి ఊళ్ళో పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకొని చూసేది ఎవరు? మాతృభాష ఏమవుతుంది? తిరిగి వచ్చాక వాడికి చోటు ఎక్కడ? ఈ ప్రశ్నలన్నింటికీ ఒక ప్రభుత్వం కూర్చొని, కాగితం మీద సమాధానాలు రాసుకొని, నిధులు కేటాయించి అమలు చేసిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. ఆ సమాధానాల్లో ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో చూద్దాం.

యుంగ్ వింగ్ చదువు

ఈ పథకం యుంగ్ వింగ్ అనే ఒక్క మనిషి జీవితం నుంచి పుట్టింది. అతడు 1828లో మకావు సమీపంలోని ఒక పల్లెలో, పేద కుటుంబంలో జన్మించాడు. ఏడో ఏట తండ్రి అతణ్ణి మకావులో ఒక మిషనరీ మహిళ నడిపే బడిలో చేర్చాడు. విదేశీయుల వ్యాపారం పెరుగుతున్న రోజులవి. ఇంగ్లీషు వస్తే దుబాసీగానో, గుమాస్తాగానో బతకవచ్చని ఆ ప్రాంతపు పేదలు ఆశపడేవారు. తరువాత అతడు మారిసన్ పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాల ఉపాధ్యాయుడు శామ్యూల్ రాబిన్స్ బ్రౌన్ ఆరోగ్యం చెడి 1847లో అమెరికాకు తిరిగి వెళ్తూ, వెంట ముగ్గురు విద్యార్థులను తీసుకువెళ్ళాడు. వారిలో యుంగ్ వింగ్ ఒకడు.

ఈ ప్రయాణపు ఏర్పాట్లు గమనించదగ్గవి. హాంకాంగ్‌లోని కొందరు విదేశీ వర్తకులు, ఒక పత్రికాధిపతి రెండేళ్ళ ఖర్చు భరించారు. కొడుకు సంపాదన మీద ఆధారపడే ఇళ్ళు కాబట్టి, ఆ రెండేళ్ళూ తల్లిదండ్రుల పోషణకు కూడా కొంత సొమ్ము ఇచ్చారు. విదేశీ చదువు ఖర్చు అంటే ఫీజు, ఓడ చార్జీ మాత్రమే కాదు, ఇంటి దగ్గర ఆగిపోయే సంపాదన కూడా అని ఆ వర్తకులు లెక్కగట్టారు. నేటి ఉపకార వేతనాలు చాలావాటిలో ఈ లెక్క కనిపించదు.

రెండేళ్ళు ముగిశాక యుంగ్ వింగ్ అక్కడే ఉండిపోయి యేల్ కళాశాలలో చేరాలనుకున్నాడు. అతడు చదివిన మాన్సన్ అకాడమీ ధర్మకర్తలు డబ్బు ఇస్తామన్నారు కానీ, చదువయ్యాక మిషనరీగా పనిచేస్తానని ముందే మాట రాసివ్వమన్నారు. అతడు ఒప్పుకోలేదు. చివరికి జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఒక మహిళా సంఘం సహాయం చేసింది. మిగతాది అతడు విద్యార్థుల భోజనశాల పనులు చూస్తూ, ఒక గ్రంథాలయంలో సహాయకుడిగా ఉంటూ సంపాదించుకున్నాడు. 1854లో యేల్ నుంచి పట్టా తీసుకున్నాడు. అమెరికన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రుడైన మొదటి చైనీయుడు అతడే. అప్పటికే, 1852లో, అమెరికా పౌరసత్వం కూడా పొందాడు.

తిరిగివచ్చిన కొడుకును చూసిన తల్లి వేసిన ప్రశ్న అతడి ఆత్మకథలో ఉంది: ఆ పట్టాకు డబ్బు ఎంత వస్తుంది అని ఆమె అడిగింది. పెద్దకొడుకు మీసం పెంచలేదు కాబట్టి చిన్నవాడు పెంచకూడదని, వెంటనే గీయించుకొమ్మని కూడా చెప్పింది. అతడు వెంటనే వెళ్ళి గీయించుకున్నాడు. మాతృభాష మాత్రం అంత తేలికగా తిరిగిరాలేదు. కాంటన్‌లో నెలల తరబడి కూర్చొని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. చైనీస్ లిపిలో పాండిత్యం లేనివాడికి ఆనాటి చైనాలో విద్యావంతుడనే పేరే దక్కదు. తన తరువాత వచ్చే పిల్లలు ఇటు చైనీస్‌లోనూ, అటు పాశ్చాత్య శాస్త్రాల్లోనూ గట్టివారు కావాలని అతడు అనుకోవడానికి ఈ అనుభవం ఒక ముఖ్య కారణమని నేను భావిస్తాను.

పథకం రూపుదిద్దుకోవడం

1863లో జెంగ్ గువోఫాన్ అతణ్ణి పిలిపించి, యంత్రాలు కొనుక్కు రమ్మని అమెరికాకు పంపాడు. ఆ యంత్రాలు జియాంగ్‌నాన్ కర్మాగారానికి చేరాయి. యంత్రాలు వచ్చాయి సరే, వాటిని అర్థం చేసుకొనే మనుషులు ఎక్కడ? 1870లో తియాన్‌జిన్‌లో విదేశీయులపై జరిగిన హత్యాకాండ, దాని వెంట నడిచిన సంప్రదింపులు ఈ ప్రశ్నను మరింత ఘాటుగా ముందుకు తెచ్చాయి. జెంగ్ గువోఫాన్, లీ హోంగ్‌జాంగ్ కలిసి చక్రవర్తికి విజ్ఞప్తి పంపారు. ఆమోదం లభించింది. 1872 మార్చిలో జెంగ్ మరణించినా పని ఆగలేదు.

పథకం ఇలా ఉంది. ఏడాదికి 30 మంది చొప్పున నాలుగేళ్ళలో 120 మంది బాలురు వెళ్ళాలి. ఒక్కొక్కరికి చదువుకాలం పదిహేనేళ్ళు. ఇరవై ఏళ్ళ మొత్తానికి 12 లక్షల టేల్స్ వెండి కేటాయించారు. టేల్ అంటే చైనాలో వెండిని తూచే తులమానం. ఆ సొమ్ము షాంఘై సుంకాల ఆదాయం నుంచి రావాలి. వెళ్ళే ముందు షాంఘైలో ఒక సన్నాహక పాఠశాలలో చైనీస్, కొంత ఇంగ్లీషు నేర్పుతారు. పిల్లల వెంట ఇద్దరు కమిషనర్లు, చైనీస్ బోధించే ఉపాధ్యాయులు, దుబాసీ వెళతారు. ఒక కమిషనర్ యుంగ్ వింగ్. రెండోవాడు చెన్ లాన్‌బిన్. ఇతడు హాన్‌లిన్ అకాడమీకి చెందిన సంప్రదాయ పండితుడు. ఒకడు పాశ్చాత్య చదువుకు, మరొకడు కన్ఫ్యూషియన్ చదువుకు హామీ అన్నమాట. ఒకే బండికి రెండు వైపులా ఎద్దులను కట్టినట్టు ఇది ఉందని చదివేవారికి అనిపించవచ్చు. కానీ అటువంటి ఏర్పాటు లేకపోతే బీజింగ్‌లో అనుమతే వచ్చేది కాదు.

వయసు విషయం కూడా ఆలోచించి నిర్ణయించినదే. సుమారు పన్నెండేళ్ళ వాడికి కన్ఫ్యూషియన్ గ్రంథాల పునాది కొంత పడి ఉంటుంది, కొత్త భాషకు నాలుకా ఇంకా వంగుతుంది. పదిహేనేళ్ళు చదివి వచ్చినా ముప్పై నిండవు కనుక ప్రభుత్వ సేవకు కాలం మిగులుతుంది. ఆచరణలో పదేళ్ళవారి నుంచి పదహారేళ్ళవారి వరకు వెళ్ళారు.

తల్లిదండ్రులు ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. కొడుకును ఇష్టపూర్వకంగా పంపుతున్నాం, అక్కడ జబ్బు చేసినా, ప్రాణమే పోయినా అది వాడి తలరాత, ప్రభుత్వానికి బాధ్యత లేదు అన్నది దాని సారాంశం. చదువయ్యాక అక్కడే ఉండిపోవడానికి గానీ, సొంతంగా వేరే ఉద్యోగం చూసుకోవడానికి గానీ వీల్లేదు. కొడుకు మీద పదిహేనేళ్ళ హక్కును రాజ్యానికి రాసిచ్చే పత్రం ఇది.

ఎవరు సంతకం చేశారు? ఇది ఈ చరిత్రలో చాలా విలువైన ప్రశ్న. సంపన్న పండిత కుటుంబాలు ముందుకు రాలేదు. వారి పిల్లలకు సివిల్ సర్వీసు పరీక్షల దారి తెరిచే ఉంది. ఆ దారిలో పదేళ్ళు కన్ఫ్యూషియస్‌ను వల్లెవేస్తే పదవి, గౌరవం వస్తాయి. ఇంగ్లీషు చదివితే ఏమొస్తుంది? పైగా విదేశీయులు పిల్లల చర్మం ఒలిచి కుక్క చర్మం తొడిగి ప్రదర్శిస్తారనే పుకార్లు కూడా పల్లెల్లో తిరిగాయి. మొదటి 30 మందిని నింపడానికే యుంగ్ వింగ్ హాంకాంగ్ వెళ్ళి అక్కడి బడుల్లో వెతకవలసి వచ్చింది. మొత్తం 120 మందిలో 80 మందికి పైగా గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం వారే. వారిలోనూ యుంగ్ వింగ్ సొంత జిల్లా షియాంగ్‌షాన్ నుంచి వచ్చినవారు చాలామంది. విదేశీ వ్యాపారంతో పరిచయం ఉన్న తీరప్రాంతపు మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి కుటుంబాలు వారివి. వలసకు ముందుగా కదిలేది అట్టడుగువాడూ కాదు, అగ్రస్థానంలో ఉన్నవాడూ కాదు, కాస్త సమాచారం చేతిలో ఉన్న మధ్యస్థుడు అని వలసల చరిత్రకారులు చెప్పే మాట ఇక్కడ సరిపోతుంది.

జాన్ తియాన్‌యూ అనే పదకొండేళ్ళ బాలుడి తండ్రి మొదట వెనుకాడాడు. కుటుంబ మిత్రుడొకడు తన కుమార్తెను ఆ బాలుడికే ఇచ్చి పెళ్ళి చేస్తానని మాట ఇచ్చి తండ్రిని ఒప్పించాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

కనెక్టికట్ ఇళ్ళలో

1872 ఆగస్టులో మొదటి బృందం షాంఘైలో ఓడ ఎక్కింది. జపాన్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో, అక్కడి నుంచి మూడేళ్ళ క్రితమే పూర్తయిన ఖండాంతర రైలు మార్గంలో న్యూ ఇంగ్లండ్ చేరింది. మరుసటి ఏడాది వెళ్ళిన బృందం ఎక్కిన రైలును దారిలో దొంగలు ఆపి దోచుకున్నారు, ఇంజను డ్రైవరు చనిపోయాడు. ఆ రైల్లో ఉన్న లీ ఎన్‌ఫూ తరువాత రాసిన బాల్య స్మృతుల్లో ఈ సంఘటనను వర్ణించాడు.

పిల్లలను ఒకే వసతిగృహంలో ఉంచాలా, విడివిడిగా ఇళ్ళలో ఉంచాలా? కనెక్టికట్ రాష్ట్ర విద్యాధికారి నార్త్‌రప్ సలహా మేరకు ఇద్దరిద్దరిగా, కొన్నిచోట్ల ఎక్కువమందిగా, స్థానిక కుటుంబాల్లో ఉంచారు. కనెక్టికట్ నది లోయలోని ఉపాధ్యాయులు, పాస్టర్లు, వైద్యుల ఇళ్ళు అవి. భాష త్వరగా పట్టుబడాలంటే ఇంతకు మించిన మార్గం లేదు. ఈ నిర్ణయమే పథకం విజయానికి, పతనానికి కూడా మూలం. ఎందుకంటే ఇంట్లో ఉండే పిల్లవాడు ఇంగ్లీషు మాత్రమే నేర్చుకోడు. భోజనాల బల్ల దగ్గర ప్రార్థన, ఆదివారం చర్చి, ఆడపిల్లలతో కలిసి ఆటలు, పెద్దవారి ఎదుట నోరు విప్పి అభిప్రాయం చెప్పడం, ఇవన్నీ నేర్చుకుంటాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తమను తీసుకువెళ్ళడానికి వచ్చిన గృహిణి దగ్గరకు తీసుకొని ముద్దు పెట్టుకున్నదని, పసితనం దాటాక తనకు అందిన మొదటి ముద్దు అదేనని లీ ఎన్‌ఫూ రాశాడు.

పొడవాటి అంగీలు, వెనుక జడ చూసి వీధి పిల్లలు వీళ్ళను ఆడపిల్లలని వెక్కిరించేవారు. కొద్దికాలానికి అంగీల స్థానంలో కోట్లు వచ్చాయి. జడ మాత్రం తీయడానికి వీల్లేదు. చింగ్ పాలనలో జడ కత్తిరించడమంటే మంచూ చక్రవర్తి మీద తిరుగుబాటు. పిల్లలు జడను కాలరు లోపలికి దోపుకొని బేస్‌బాల్ ఆడారు. సొంతంగా ఒక జట్టే పెట్టుకున్నారు.

చైనీస్ చదువు సంగతి? హార్ట్‌ఫర్డ్‌లో, కాలిన్స్ వీధిలో, 1877 నాటికి మిషన్‌కు సొంత భవనం ఏర్పడింది. బాలురు బృందాలుగా, విడతల వారీగా అక్కడికి వచ్చి కన్ఫ్యూషియన్ గ్రంథాలు చదవాలి, వ్యాసాలు రాయాలి, నిర్ణీత దినాల్లో చక్రవర్తి ఉన్న దిక్కుకు సాష్టాంగపడాలి. పిల్లలు ఆ భవనానికి నరకమని పేరు పెట్టుకున్నారని చెబుతారు. ఆట, స్నేహం, ఆప్యాయత అన్నీ ఇంగ్లీషులో దొరికి, శిక్ష, వల్లెవేత మాత్రమే మాతృభాషలో దొరికితే ఆ భాష మీద పిల్లవాడికి మమకారం ఎలా నిలుస్తుంది? చైనీస్ పాఠాలు చాలలేదని అప్పటి అధికారులు రాశారు. నా ఉద్దేశంలో పాఠాల సంఖ్య కంటే అవి చెప్పిన తీరే చేటు చేసింది.

1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనకు వందమందికి పైగా బాలురను తీసుకువెళ్ళారు. వాళ్ళ చదువు పత్రాలు అక్కడ ప్రదర్శించారు, అధ్యక్షుడు గ్రాంట్ వాళ్ళను కలిశాడు. చైనా నుంచి వచ్చిన లీ గుయ్ అనే సుంకాల శాఖ ఉద్యోగి వాళ్ళతో మాట్లాడి మెచ్చుకుంటూ రాశాడు. పథకం ఉచ్ఛదశ అది.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఈ పిల్లలు కనెక్టికట్‌లో చదువుతున్న తొలి ఏళ్ళలోనే వారి కమిషనర్లు మరో పని మీద వెళ్ళవలసి వచ్చింది. చెన్ లాన్‌బిన్ క్యూబాకు, యుంగ్ వింగ్ పెరూకు వెళ్ళి అక్కడి చైనా కూలీల దుస్థితి మీద విచారణ జరిపారు. అదే కాలంలో మన తెలుగు కూలీలు మారిషస్‌కు, నెటాల్‌కు, బర్మాకు ఓడలెక్కుతున్నారు. విద్యార్థి వలస, కూలీ వలస వేరువేరు అధ్యాయాల్లో చదువుతాం. ఆ ఇద్దరు అధికారుల బల్ల మీద రెండు దస్త్రాలూ పక్కపక్కనే ఉండేవి.

రద్దు

1870ల చివర ఊ జిడెంగ్ అనే కొత్త కమిషనర్ వచ్చాడు. పిల్లలు తనకు సాష్టాంగపడలేదని, చదువు వదిలి ఆటలాడుతున్నారని, చర్చికి పోతున్నారని, కొందరు రహస్యంగా క్రైస్తవులయ్యారని బీజింగ్‌కు నివేదికలు పంపాడు. యుంగ్ వింగ్ 1909లో ప్రచురించిన ఆత్మకథలో రద్దు నేరమంతా దాదాపు ఇతడి మీదా, చెన్ లాన్‌బిన్ మీదా మోపాడు. చాలా పాఠ్యపుస్తకాలు ఆ కథనాన్నే తిరిగి చెప్పాయి. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ కాస్త ఆగాలి. ఆత్మకథ గొప్ప ఆధారమే, కానీ రాసినవాడు ఆ వివాదంలో ఒక పక్షం. పైగా ముప్పై ఏళ్ళ తరువాత రాశాడు. ఊ జిడెంగ్ ఆరోపణల్లో అతిశయోక్తి ఉన్నా అబద్ధాలు తక్కువ. కొందరు జడలు కత్తిరించుకున్నారు, కొందరు మతం మారారు, చాలామంది చైనీస్‌లో వెనుకబడ్డారు. యుంగ్ వింగ్ కూడా 1875లో ఒక అమెరికన్ మహిళను వివాహం చేసుకున్నాడు. పిల్లలు మారిపోతున్నారన్న భయానికి పెద్దవాడే ఆధారం చూపించినట్లయింది.

రెండో కారణం అమెరికాలోనే ఉంది. 1868 నాటి బర్లింగేమ్ ఒడంబడిక ప్రకారం అమెరికా ప్రభుత్వ విద్యాసంస్థల్లో చైనీయులకు అత్యంత అనుకూల దేశస్థులతో సమానంగా ప్రవేశం ఉండాలి. చైనా ఈ పిల్లలను పంపడంలో ముఖ్యోద్దేశం సైన్యానికి, నౌకాదళానికి అధికారులను తయారు చేసుకోవడం. పెద్ద తరగతులకు వచ్చిన బాలురను వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో, అనాపొలిస్ నౌకా అకాడమీలో చేర్చుకోమని అడిగితే అమెరికా విదేశాంగ శాఖ చోటు లేదని చెప్పింది. జపాన్ యువకులకు మాత్రం అనాపొలిస్‌లో అప్పటికే చోటు దొరికింది. ఇది లీ హోంగ్‌జాంగ్ వంటి మద్దతుదారులకు కూడా దెబ్బే. అసలు లక్ష్యమే తీరకపోతే అంత వెండి ఎందుకు పోయాలి?

పైగా కాలిఫోర్నియాలో చైనీయుల వ్యతిరేకత హింసగా మారింది. 1877లో శాన్ ఫ్రాన్సిస్కోలో చైనీయుల మీద దాడులు జరిగాయి. 1880లో కుదిరిన కొత్త ఒడంబడిక చైనా కూలీల రాకను నియంత్రించే హక్కును అమెరికాకు ఇచ్చింది. దాని వెంటే 1882లో బహిష్కరణ చట్టం వచ్చింది. ఆ చట్టం కూలీలను ఉద్దేశించినది, విద్యార్థులకు మినహాయింపు ఉంది. కానీ తన ప్రజలను గెంటివేసే దేశంలో తన పిల్లలను పెంచడమా అన్న ప్రశ్న బీజింగ్‌లో బలంగానే వినిపించింది.

యేల్ అధ్యక్షుడు నోవా పోర్టర్, హార్ట్‌ఫర్డ్ పాస్టర్ ట్విచెల్, మార్క్ ట్వేన్ కలుగజేసుకున్నారు. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ లీ హోంగ్‌జాంగ్‌కు స్వయంగా రాశాడు. కొందరినైనా చదువు పూర్తయ్యేవరకు ఉంచాలన్నది లీ ఆలోచన. చివరికి 1881 వేసవిలో అందరినీ వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి సుమారు 60 మంది కళాశాలల్లో, సాంకేతిక విద్యాలయాల్లో ఉన్నారు. పట్టా చేతికి వచ్చినవారు ఇద్దరే. వారిలో ఒకడు యేల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివిన జాన్ తియాన్‌యూ.

తిరుగు ప్రయాణం

తిరిగివచ్చినవారి లెక్క లీ హోంగ్‌జాంగ్ విజ్ఞప్తిలో ఉంది: మూడు విడతల్లో 94 మంది. మిగతావారిలో కొందరు అంతకుముందే క్రమశిక్షణ కారణంగానో, జబ్బు చేసో వెనక్కి వచ్చారు, కొందరు అమెరికాలోనే మరణించారు, కొద్దిమంది రావడానికి నిరాకరించారు. షాంఘై రేవులో ఆత్మీయులు ఎదురుచూస్తారని అనుకున్న బాలురకు ఒక్క తెలిసిన ముఖం కనిపించలేదు. వాళ్ళను తోపుడు బండ్ల మీద వీధుల వెంట తీసుకుపోయి, ఒక పాడుబడ్డ చెమ్మ భవనంలో కాపలా మధ్య ఉంచారు. హువాంగ్ కాయ్‌జియా అనే విద్యార్థి 1882 జనవరిలో హార్ట్‌ఫర్డ్‌లోని తన ఆతిథ్య గృహిణికి రాసిన ఉత్తరం ద్వారా ఈ వివరాలు మనకు తెలుస్తున్నాయి. తల్లిదండ్రుల ఊళ్ళు చేరడానికి ముందు అతడు మనసు విప్పుకున్నది ఆమెతోనే.

మొదటి 21 మందిని టెలిగ్రాఫ్ పనికి పంపారు. తరువాతి 23 మందిని ఫూజౌ నౌకా కేంద్రం, జియాంగ్‌నాన్ కర్మాగారం తీసుకున్నాయి. మిగిలిన 50 మంది తియాన్‌జిన్‌లో నౌకాదళం, వైద్యం, టెలిగ్రాఫ్ వంటి శాఖలకు వెళ్ళారు. ఏం చదివావు, ఏం చేయగలవు అని అడిగినవారు లేరు. ఇంజనీరింగ్ చదివిన జాన్ తియాన్‌యూను నావికుడి శిక్షణకు పంపారు. 1884లో ఫ్రెంచి నౌకాదళం ఫూజౌ మీద దాడి చేసినప్పుడు ఈ బాలుర్లో నలుగురు చనిపోయారు. పదేళ్ళ తరువాత జపాన్‌తో జరిగిన యుద్ధంలో మరికొందరు పోయారు.

జాన్ తియాన్‌యూకు 1888లో గానీ రైలు మార్గాల పని దొరకలేదు. 1905–1909 మధ్య బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌ వరకు, సుమారు 200 కిలోమీటర్ల మార్గాన్ని విదేశీ ఇంజనీర్లు లేకుండా నిర్మించాడు. మహాకుడ్యం దగ్గర కొండ ఏటవాలును దాటించడానికి రైలు ముందుకూ వెనక్కూ నడిచేలా వేసిన పట్టాలను నేటికీ చూపిస్తారు. టాంగ్ షావోయీ 1912లో చైనా గణతంత్ర రాజ్యానికి మొదటి ప్రధానమంత్రి అయ్యాడు. లియాంగ్ చెంగ్ వాషింగ్టన్‌లో రాయబారిగా ఉండి, బాక్సర్ పరిహారంలో అధికంగా వసూలు చేసిన భాగాన్ని తిరిగి ఇవ్వాలని అమెరికాను ఒప్పించే ప్రయత్నంలో ప్రధాన పాత్ర వహించాడు. ఆ సొమ్ముతో పుట్టినదే నేటి చింగ్‌హువా విశ్వవిద్యాలయం. విద్యార్థులను మళ్ళీ అమెరికాకు పంపడానికి సన్నాహక పాఠశాలగా అది 1911లో మొదలైంది. దాని తొలినాళ్ళ అధిపతి టాంగ్ గువోఆన్ కూడా హార్ట్‌ఫర్డ్ బాలుడే.

ఈ జాబితా చూసి పథకం చివరికి విజయవంతమైందని కొందరు రాస్తారు. నేను అంత తొందరపడను. ఈ పేర్లు వెలుగులోకి రావడానికి పాతికేళ్ళు పట్టింది. తమ నైపుణ్యం పదునుగా ఉన్న ఇరవైల్లో వాళ్ళు గుమాస్తాలుగా, తంతి పనివాళ్ళుగా, అనుమానితులుగా బతికారు. చైనాకు ఇంజనీర్లు అత్యవసరమైన కాలం కూడా అదే.

రెండు పోలికలు

అదే దశకంలో జపాన్ మరో ప్రయోగం చేసింది. 1871 డిసెంబరులో ఇవాకురా ప్రతినిధి బృందంతో పాటు ఐదుగురు బాలికలను పదేళ్ళ చదువుకు అమెరికా పంపింది. పెద్దవారిద్దరు ఆరోగ్యం బాగాలేక ఏడాదిలోపే తిరిగివచ్చారు. అందరిలో చిన్నది త్సుదా ఉమే, ఓడ ఎక్కేనాటికి ఆమెకు ఏడేళ్ళు నిండలేదు. వాషింగ్టన్ దగ్గర పిల్లలు లేని ఒక దంపతుల ఇంట్లో పెరిగింది. యమకావా సుతెమత్సు న్యూ హేవెన్‌లో ఒక పాస్టర్ కుటుంబంలో పెరిగి, వాసర్ కళాశాలలో పట్టా పొందింది. చైనా బాలురు తిరిగిన ఊరే ఇది. జపాన్ గడువును పూర్తిగా పాటించింది. అయితే 1882లో త్సుదా తిరిగివచ్చేసరికి తన తల్లితో మాట్లాడటానికి కూడా భాష లేదు. వాళ్ళను పంపిన ప్రభుత్వ శాఖే అప్పటికి రద్దయింది. చదువుకున్న స్త్రీలకు ఏ పని ఇవ్వాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు. త్సుదా మళ్ళీ జపనీస్ నేర్చుకొని, మళ్ళీ అమెరికా వెళ్ళి బ్రిన్ మార్‌లో చదివి, 1900లో టోక్యోలో మహిళల కోసం సొంత పాఠశాల స్థాపించింది. అదే నేటి త్సుదా విశ్వవిద్యాలయం.

రెండో పోలిక మన దేశానిది, ఇక్కడ ప్రణాళిక వేసినది రాజ్యం కాదు, ఒక తండ్రి. బెంగాల్‌లో సివిల్ సర్జన్‌గా ఉన్న కృష్ణధన్ ఘోష్ 1879లో ముగ్గురు కొడుకులను మాంచెస్టర్‌లో ఒక పాస్టర్ ఇంట ఉంచాడు. పిల్లలకు భారతీయులతో ఎటువంటి పరిచయమూ కలగకూడదని షరతు పెట్టాడు. మూడోవాడు ఏడేళ్ళ అరవిందుడు. ఏళ్ళు గడిచేకొద్దీ తండ్రి పంపే డబ్బు తగ్గి, క్రమం తప్పింది. లండన్‌లో ఆ అన్నదమ్ములు చలికోటు, సరైన భోజనం లేని రోజులు చూశారు. కేంబ్రిడ్జి చదువు ఉపకార వేతనంతో సాగింది. ఐ.సి.ఎస్. రాతపరీక్ష గెలిచి, గుర్రపుస్వారీ పరీక్ష దగ్గర 1892లో అవకాశం పోయింది. కొడుకు వస్తున్న ఓడ మునిగిపోయిందన్న తప్పుడు వార్త విని తండ్రి కుప్పకూలి మరణించాడు. అరవిందుడు 1893 ఫిబ్రవరిలో దేశం చేరి, బరోడాలో కొలువు చేస్తూ బెంగాలీని పట్టుదలగా నేర్చుకున్నాడు. భారతీయత సోకకుండా పెంచాలనుకున్న కొడుకు పదిహేనేళ్ళలోపే జాతీయోద్యమంలో అతివాదుల ముందువరుసలో నిలిచాడు.

యుంగ్ వింగ్ చివరి రోజులు

1898 సంస్కరణల్లో పాల్గొన్న యుంగ్ వింగ్ ఆ ప్రయత్నం విఫలం కాగానే ప్రాణభయంతో బీజింగ్ విడిచాడు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం, చైనీయులకు పౌరసత్వం చెల్లదంటూ, 46 ఏళ్ళ క్రితం తానే ఇచ్చిన పౌరసత్వాన్ని గుర్తించడానికి నిరాకరించింది. అయినా 1902లో అతడు ఎలాగో అమెరికా చేరాడు. ఆ వేసవిలో అతడి చిన్నకొడుకు యేల్ నుంచి పట్టా తీసుకుంటున్నాడు. పెద్దకొడుకు అక్కడే అంతకుముందే పట్టభద్రుడయ్యాడు. యుంగ్ వింగ్ మరి చైనాకు వెళ్ళలేదు. 1912 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్‌లో మరణించాడు. అప్పటికి కొద్ది వారాల ముందే, తాను పంపిన బాలుర్లో ఒకడైన టాంగ్ షావోయీ బీజింగ్‌లో ప్రధానమంత్రి పదవి స్వీకరించాడు.